పొరుగు కొట్టు, హలాల్ బోర్డు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మాకిచ్చిన విషయం "దైనందిన జీవితంలో హలాల్". చాలా పెద్ద విషయం. వడ్డీ, లంచం, తూకంలో మోసం, ఇవన్నీ ఇందులోకే వస్తాయి. మాంసం కన్న అవి పెద్ద సంగతులని మా అభిప్రాయం కూడాను. అయితే ఈ ఏడాది పొడుగునా మన సభ్యులు మమ్మల్ని దారిలో ఆపి అడిగింది వాటి గురించి కాదు, కోడి గురించి. "ఫలానా కొట్టులో నిజంగా హలాలేనా మాస్టర్ సాబ్?" అని. మేము పిల్లలకు ఉర్దూలో పాఠాలు చెప్పుకునేవాళ్ళమే గాని ముఫ్తీలం కాము. ఫత్వా ఇవ్వడం మా పని కాదు. మనం రోజూ వెళ్ళే కొట్టు ఎలా నడుస్తున్నది, ఎలా నడవగలదు, ఇంతవరకే మాట్లాడతాము.

ఉక్కునగరంలో ఆదివారం పొద్దున్న సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. సి షిఫ్టు దిగినవారు డ్యూటీ బట్టలతోనే వచ్చి లైన్లో నిలబడతారు. ఏ షిఫ్టుకు పోవలసినవారు అప్పటికే పిల్లల్ని పంపించి ఉంటారు. "స్కిన్‌లెస్సా, విత్ స్కిన్నా?" అన్న కేక తప్ప అక్కడ మరో మాట వినబడదు. కొట్టు మీద ఆకుపచ్చ రంగుతో "హలాల్" అని తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి ఉంటుంది. ఉర్దూలో తరచు తప్పు రాస్తారు, అది వేరే సంగతి. యజమాని ఎక్కువగా మన మతంవాడు కాదు. కత్తి పట్టే కుర్రవాడు మనవాడు. మనం బోర్డు చూస్తాం, కుర్రవాడి పేరు వింటాం, సంచి చాపుతాం.

కుర్మన్నపాలెం వైపు ఒక కొట్టులో అటువంటి కుర్రవాణ్ణి మేము మెల్లగా అడిగాము. "బాబూ, ప్రతి కోడికీ బిస్మిల్లా చెబుతున్నావా?" అతడు నొచ్చుకోలేదు. "చెబుతాను మాస్టర్ సాబ్. తొమ్మిది గంటల తర్వాత నోరు ఎండిపోతుంది. అప్పుడు లోపలే అనుకుంటాను. ఒక్కోసారి అనుకున్నానో లేదో కూడా గుర్తుండదు" అన్నాడు. కోసేదీ అతడే, తోలు తీసేదీ అతడే, ముక్కలు కొట్టేదీ అతడే. యజమాని ఎవరికైనా చిల్లర ఇవ్వడానికి లోపలికి పోతే గల్లా దగ్గర నిలబడేదీ అతడే. రోజు కూలి ఒకటే.

శాస్త్రం ఏమంటున్నదో క్లుప్తంగా చెప్పుకుందాం. జిబహ్ చేసేవాడు అల్లాహ్ పేరు పలకాలి. కత్తి పదునుగా ఉండాలి. శ్వాసనాళం, అన్ననాళం, మెడలోని రెండు పెద్ద రక్తనాళాలు, ఈ నాలుగింటిలో కనీసం మూడు తెగాలని హనఫీ ఫిఖహ్. రక్తం కారిపోవాలి. ప్రాణం పూర్తిగా పోకముందు వేడినీళ్ళలో ముంచరాదు. పేరు పలకడం మరచిపోయిన పక్షంలో మన హనఫీల ప్రకారం ఆ మాంసం చెల్లుతుంది, కావాలని వదిలేస్తే చెల్లదు. షాఫయీలు ఇంకా సులువు చేశారు, పేరు పలకడం వారి దృష్టిలో సున్నత్. కనుక ఆ కుర్రవాడు మరచిన కోడి మన కడుపులో పడినా మనం పాపం చేసినట్టు కాదు. అయినప్పటికీ ఒక మనిషిని మరచిపోయేంత పనిలో పెట్టి, మరపుకు మాఫీ ఉందిగదా అని మనం ప్రతి ఆదివారం అక్కడికే పోవడం సబబేనా?

ఇప్పుడు మిమ్మల్ని కొంచెం దూరం తీసుకుపోతాము. మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. చికాగో నగరం ఉత్తరాన డెవాన్ ఎవెన్యూ అని ఒక వీధి ఉంది. హైదరాబాదువాళ్ళు, మన ఆంధ్రావాళ్ళు బిర్యానీకీ చీరలకూ కరివేపాకుకూ చేరేది అక్కడికే. ఆ ఒక్క వీధిలోనే ఒక ముక్కకు గాంధీ పేరు, ఒక ముక్కకు జిన్నా పేరు, ఇంకో ముక్కకు ఇజ్రాయెల్ ప్రధానిగా చేసిన గోల్డా మెయిర్ పేరు గౌరవార్థం పెట్టారు. మున్సిపాలిటీవారు నవ్వుతూ పెట్టారో, నవ్వకుండా పెట్టారో! పడమటి వైపు యూదుల పేట. అక్కడ కిరాణాకొట్టూ, దానిలోనే "డెలీ" అనే బల్లా. డెలీ అంటే వండి సిద్ధంగా ఉంచిన మాంసం, ఉప్పునీటిలో ఊరిన దోసకాయలు, రొట్టెలు తూకానికి అమ్మే చోటు. శుక్రవారం మధ్యాహ్నం దాకా ఒకటే రద్దీ. సూర్యాస్తమయానికి ముందే తలుపులు పడిపోతాయి. శనివారం వాళ్ళకు సబ్బత్.

అక్కడ అమ్మేది కోషర్. మనకు హలాల్ ఎటువంటిదో వాళ్ళకు కోషర్ అటువంటిది. పంది వాళ్ళకూ నిషిద్ధమే, రక్తమూ నిషిద్ధమే. గిట్ట చీలి, నెమరు వేసే జంతువే పనికివస్తుంది. అందుకే మనకు చెల్లే ఒంటె వాళ్ళకు చెల్లదు. కోసేవాణ్ణి షోఖెట్ అంటారు. కత్తి అంచుమీద గోరు ఆనించి నడిపి, నొక్కు ఉన్నదేమో చూసుకున్నాకే కోస్తాడు. కోసిన తర్వాత జంతువు ఊపిరితిత్తులు పరీక్షిస్తారు. మాంసాన్ని అరగంట నీళ్ళలో నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి, రక్తం లాగేసి కడుగుతారు. మాంసమూ పాలూ కలపరు. కనుక డెలీలో మాంసం రొట్టె తిని పాలు పోసిన కాఫీ అడిగితే దొరకదు. గిన్నెలు వేరు, కత్తులు వేరు.

ఇదంతా మనకెందుకని ఎవరైనా అనవచ్చు. పాలస్తీనా వార్తలు చూసి కన్నీళ్ళు పెట్టుకునే ఇళ్ళు మనవి, ఆ బాధ మాకూ ఉంది. కాని కొట్టు కొట్టే. రసూలుల్లాహ్ (స) అంత్యకాలంలో తమ ఇనుప కవచాన్ని మదీనాలోని ఒక యూదుడి వద్ద తాకట్టు పెట్టి, ఇంటివారి కోసం ముప్పై సాల యవలు తీసుకున్నారు. ఈ మాట చెప్పింది హజ్రత్ ఆయిషా (ర). సరుకు దగ్గర ఆయన (స) మతం చూడలేదు.

మన తెలుగుదేశంలోనూ యూదధర్మం పాటించేవారున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది. మాదిగ కుటుంబాలవారు, తెలుగే ఇంటి భాష, శనివారం సబ్బత్. వారి గురించి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు కలిసి రాసిన పుస్తకం 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్సు వేసింది. ఇక మనం హౌరా రైలెక్కితే దిగే కలకత్తాలో, న్యూమార్కెట్టులో నహూమ్స్ అనే యూదుల బేకరీ ఉంది. 1902 నాటి వ్యాపారం అది. ఆ నగరంలో యూదులు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. వారి ప్రార్థనా మందిరాలను తరాలుగా కనిపెట్టుకొని ఉన్నది ముస్లిం కుటుంబాలు. యూదు బాలికల పాఠశాలలో ఇప్పుడు చదివేది ఎక్కువగా మన పిల్లలే.

తిరిగి డెవాన్ వీధికి వద్దాం. అక్కడ ఉన్న మనవాళ్ళు కోషర్ కొట్టుకు పోతారా అంటే, పోతారు. ముందు తరంవాళ్ళు హలాల్ కొట్లు అంతగా లేని రోజుల్లో కోషర్ మాంసమే తెచ్చుకున్నారు. గ్రంథవహుల ఆహారం మీకు సమ్మతమేనని సూరె మాయిదాలో ఉన్న అనుమతే ఆధారం. ఉలమాల్లో భేదం ఉంది. షోఖెట్ వరుసగా కోసేటప్పుడు మొదట ఒకసారి స్తుతి పలుకుతాడు, ప్రతి జంతువుకూ పలకడు, కాబట్టి వద్దనేవారు ఉన్నారు. తినేటప్పుడు బిస్మిల్లా చెప్పి తినవచ్చుననేవారూ ఉన్నారు. మనవాళ్ళకు అక్కడ హలాల్ కొట్లు విస్తారంగా వచ్చాక మాంసానికి కోషర్ కొట్టు అవసరం తగ్గింది. కాని బిస్కట్లకు, చీజుకు, పిల్లల మిఠాయిలకు ఇప్పటికీ పోతుంటారు. ఎందుకంటే ప్రతి పొట్లం వెనుకా ఎవరో చదివి చూశారన్న ధైర్యం. జాగ్రత్త ఒకటి ఉంది. కోషర్ అన్నదల్లా హలాల్ కాదు. ద్రాక్షసారా వాళ్ళకు నిషిద్ధం కాదు సరికదా, సబ్బత్ భోజనానికి అదే ప్రధానం.

మేము మీ ముందు పెట్టదలచిన అసలు సంగతి ఆ కొట్టులో నిలబడి ఉండే ఒక మనిషి గురించి. అతణ్ణి మష్గియాఖ్ అంటారు, అంటే కాపరి. సరుకు దిగేటప్పుడు చూస్తాడు, పొయ్యి వెలిగేటప్పుడు చూస్తాడు, కత్తులు కలిసిపోకుండా చూస్తాడు. కొట్టు యజమానికి అతడు చుట్టం కాకూడదు, భాగస్వామి కాకూడదు. అతని వెనుక ఒక సంస్థ ఉంటుంది. పేరూ బాధ్యతా ఉన్న మనిషి. అతనికి జీతం ఉంటుంది, ఆ జీతం తిరిగి తిరిగి కొనేవారి మీదే పడుతుంది. కోషర్ మాంసం ఖరీదు ఎక్కువని ఫిర్యాదు చేయని యూదు గృహిణి ఉండదేమో!

ఈ ఏర్పాటు వాళ్ళకు ఆకాశం నుంచి ఊడిపడలేదు. అక్కడా బోర్డులు రాసి మోసం చేసినవాళ్ళు కావలసినంతమంది. న్యూయార్క్ రాష్ట్రం 1915లో కోషర్ కాని మాంసాన్ని కోషర్ అని అమ్మితే నేరమని చట్టం చేయవలసి వచ్చింది. ఏది కోషరో ప్రభుత్వం నిర్ణయించడమేమిటని తర్వాత కోర్టుకెక్కారు. 2000లో ఆ చట్టాన్ని కోర్టు కొట్టేసింది, 2002లో పైకోర్టూ ఆ తీర్పునే బలపరచింది. అంటే సర్కారు ముద్ర నిలబడలేదు, సమాజం పెట్టుకున్న కాపరి నిలబడ్డాడు. ముద్రల్లోనూ తమాషా ఉంది. వృత్తంలో "యు" అక్షరం ఒక పెద్ద సంస్థ గుర్తు, దాన్ని ఇంకొకరు వాడితే కేసు. ఉత్త "కె" అక్షరం మాత్రం ఎవరైనా అచ్చేసుకోవచ్చు, ఒంటి అక్షరానికి ట్రేడ్‌మార్కు హక్కు ఇవ్వరు కనుక. మన ఆకుపచ్చ బోర్డు ఆ "కె" వంటిది. రంగు డబ్బా ఉంటే చాలు.

తల్లులకు చెప్పవలసిన ముచ్చట ఇంకొకటి. 1902 మే నెలలో న్యూయార్క్‌లో కోషర్ మాంసం పౌను 12 సెంట్ల నుంచి 18 సెంట్లకు ఎక్కింది. మగవాళ్ళు సంప్రదింపులు చేస్తూ ఉండగా ఆడవాళ్ళే వీధిలోకి వచ్చారు. ఇంటింటికీ తిరిగి ఎవరూ మాంసం కొనవద్దన్నారు, కొట్ల ముందు నిలబడ్డారు, పోలీసులు పట్టుకుపోతే జరిమానా కట్టి మళ్ళీ వచ్చారు. జూన్ నాటికి ధర దిగింది. కొట్టు మీద నిజమైన అధికారం వంటింటిదేనని వాళ్ళు నిరూపించారు. మన ఇళ్ళలో మాంసం తెచ్చేది మగవాడే గాని, "ఈ కొట్టుది వద్దు" అన్న మాట మాత్రం వంటింట్లోనే పుడుతుంది గదా.

పొట్లాల సంగతి తొందరగా చెప్పేస్తాము. మన దేశంలో 2001 నుంచి పొట్లాల మీద శాకాహారానికి పచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ చుక్క తప్పనిసరి. 2020 నిబంధనలు ఆ గోధుమ చుక్కను త్రికోణం చేశాయి. ఇది మన కోసం పెట్టింది కాదు, అయినా మనకు చాలా మేలు చేస్తున్నది. పచ్చ చుక్క ఉంటే పంది కొవ్వు గురించీ జంతువుల జెలటిన్ గురించీ భయం లేదు. ఆల్కహాలు గురించి మాత్రం ఆ చుక్క ఏమీ చెప్పదు. సువాసన కోసం కలిపే ఎసెన్సుల విషయంలో వెనుక రాసింది చదువుకోవాలి. చదవడం మన పిల్లలకు అప్పగించండి. పదార్థాల జాబితా చదివించడం కన్న మంచి ఇంగ్లీషు పాఠం లేదు. మందు గొట్టాల పైతొడుగు ఎక్కువగా జంతు జెలటినే. ఆ విషయంలో ప్రాణావసరానికి ఉలమాలు ఇచ్చిన వెసులుబాటు ఉంది కనుక డాక్టరుగారి మందు మాని ఎవరూ కూర్చోవద్దు.

ఇక మన ఇంటి తగాదా. నిరుడు కొందరు సోదరులు సంఘం తరఫున "నమ్మదగిన కొట్ల జాబితా" అచ్చువేసి మస్జిదు గేటు దగ్గర పంచాలన్నారు. వారి ఆవేదన మాకు అర్థమవుతుంది. అయినా ఈ జాబితాకు మేము వ్యతిరేకం. జాబితాలో లేని కొట్టువాడు ఏమవుతాడు? అతడు మన కుర్రవాణ్ణి పని మాన్పిస్తాడు. మన కుర్రవాళ్ళకు ఉన్న నాలుగు కొలువుల్లో ఒకటి పోతుంది. పైగా ముద్రలు వేసే పని మొదలుపెడితే అది ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. 2023 నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం, ఎగుమతి సరుకు మినహా, హలాల్ ధ్రువపత్రం ఉన్న పదార్థాల తయారీనీ అమ్మకాన్నీ నిషేధించింది. ఆ పత్రాల మీద దేశమంతా ఎంత రచ్చ జరిగిందో చూశారు. భిలాయి వాళ్ళూ, రూర్కెలా వాళ్ళూ, శ్రీకాకుళం వాళ్ళూ ఒకే గోడకు అటూ ఇటూ కాపురం ఉంటున్న ఈ టౌన్‌షిప్పులో కొట్ల మీద గుర్తులు పెట్టే పనికి మనం పూనుకోవద్దు.

ఇంకొక కారణం దీన్‌లోనే ఉంది. కొత్తగా ఇస్లాంలోకి వచ్చినవారు మాంసం తెస్తున్నారు, అల్లాహ్ పేరు పలికారో లేదో తెలియదు, ఏం చేయమంటారని రసూలుల్లాహ్ (స)ను అడిగారు. మీరే ఆయన పేరు పలికి తినండని చెప్పారు. అంటే ముస్లిం చేతి మాంసం మీద అనుమానం పెంచుకుంటూ పోవడం మన తరీఖా కాదు. పొరుగింటివారు దావత్‌కు పిలిచి పళ్ళెం ముందు పెట్టాక, ఏ కొట్టుదని ఆరా తీసి వాళ్ళ ముఖం చిన్నబుచ్చడం కొందరికి ఈ మధ్య పరహేజ్‌గా తోస్తున్నది. అది పరహేజ్ కాదు, మర్యాద లేకపోవడం. ఆరా తీయవలసింది పళ్ళెం దగ్గర కాదు, కొట్టు దగ్గర.

కొట్టు దగ్గర ఏం చేయాలి? మా ప్రతిపాదన ఇది. కార్యవర్గం ముందు రాతపూర్వకంగా పెట్టాము. ఆదివారాలూ పండుగ ముందురోజులూ, పొద్దున్న ఆరు నుంచి పదకొండు దాకా, జిబహ్ చేయడానికి విడిగా ఒక మనిషి ఉండాలి. తోలు తీయడం, ముక్కలు కొట్టడం అతని పని కాదు. పెద్ద రద్దీ ఉండే మూడు నాలుగు కొట్లతో మొదలుపెట్టవచ్చు. అతని కూలి కొట్టు యజమాని మీద వేయవద్దు, మనమే ఇవ్వాలి. కిలోకు రెండు రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి ఒప్పుకునే ఇళ్ళు శనివారం రాత్రికే ఆర్డరు చెప్పేస్తే, ఎన్ని కోళ్ళో ముందే తెలుస్తుంది, తొందర తగ్గుతుంది. ఈ మాట మేము ఒక యజమానితో కదిపి చూశాము. ఆయన హిందువు. "మాస్టారూ, నా కొట్టులో ఒక మనిషి ఎక్కువైతే నాకు కష్టమా? కత్తులు సాన పట్టించే ఖర్చు కూడా నేనే పెట్టుకుంటా. మా కుర్రాడి నడుము కాస్త నిలుస్తుంది" అన్నారు. అడిగితే పోయేదేముంది చెప్పండి? ఇన్నాళ్ళూ మనం ఒకరి చెవిలో ఒకరం గొణుక్కున్నామే గాని ఆయన్ను అడగలేదు.

కిలోకు రెండు రూపాయలు భారమన్న ఇళ్ళు మనలో ఉన్నాయి, కాంట్రాక్టు కూలీల ఇళ్ళు. వాళ్ళ వంతు సంఘం పెట్టుకోవాలని మా కోరిక. వార్షిక విందులో ఒక కూర తగ్గిస్తే సరిపోతుంది. కోశాధికారిగారు మా వైపు చూడడం లేదు, అయినా చెబుతున్నాము.

ఆ కుర్రవాడి గురించి ఒక్క మాట. అతణ్ణి తప్పుపట్టడానికి ఈ సంగతి చెప్పలేదు. దయచేసి ఎవరూ పోయి అతణ్ణి నిలదీయవద్దు. అతడు నిజం చెప్పాడు కనుకనే మనకింత తెలిసింది. బోర్డు ఎప్పుడూ అంత నిజం చెప్పలేదు.

సభలోంచి ఒక చీటీ వచ్చింది. రొయ్యలు, పీతల మాట ఏమిటని అడిగారు. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళం, రావలసిన ప్రశ్నే. యూదుల లెక్కలో రెక్కలూ పొలుసూ ఉన్న చేపే చెల్లుతుంది. కనుక మన ఫిషింగ్ హార్బరుకు వస్తే వాళ్ళు రొయ్యా, పీతా, సొరా, జెల్లా అన్నీ వదిలేయాలి. సొర పిట్టు భాగ్యం వాళ్ళకు లేదు. షాఫయీలకు సముద్రంలోవి దాదాపు అన్నీ చెల్లుతాయి. హనఫీలమైన మనకు నీటిలోవాటిలో చేప ఒక్కటే. రొయ్య చేప అవునా కాదా అన్నదాని మీద పెద్ద ఉలమాలే రెండు వైపులా ఉన్నారు. తినేవాళ్ళు తింటున్నారు, మానేవాళ్ళు మానుతున్నారు, ఒకరినొకరు ఏమీ అనుకోవద్దు. పీత మాత్రం మన హనఫీ మజహబులో లేదు. దీనిమీద మా ఇంట్లోనే ఒప్పుకోనివారున్నారు కాబట్టి మిగతా చర్చ మౌల్వీ సాబ్ వచ్చాక భోజనాల దగ్గర పెట్టుకుందాం. శనివారం ఆర్డర్ల కాయితం కార్యదర్శిగారి బల్ల మీద ఉంది. ఇంటి నంబరు, సెక్టరు, ఎన్ని కిలోలో రాస్తే చాలు. ఖుదా హాఫిజ్.